ఇరవై అయిదుగురికి ఎంతమంది?

2022 చివరికి మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ల మనసు బాగోగులు చూసే సైకియాట్రిస్టులు (మందులు రాసే మానసిక వైద్యులు), సైకాలజిస్టులు (మాటలతో చికిత్స చేసేవారు) అందరూ కలిపి 25 మంది. అంటే ఒక్కొక్కరి వంతుకు దాదాపు 23 వేల మంది. 500 మందికి ఒకరుండాలన్నది నియమం. ఆ లెక్కన 1,146 మంది కావాలి.

ఈ 25 మందీ రోజుకు పదేసి మందితో, ఏడాదికి 300 రోజులు మాట్లాడారనుకోండి. అందరినీ ఒక్కసారి పలకరించేసరికి ఏడున్నరేళ్లు పడుతుంది. అదీ కొత్తవాళ్లెవరూ రాకపోతే! జైల్లో నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే, వస్తూ పోతూ ఉండేవాళ్లే.

అందరికీ డాక్టరు అవసరమా అని మీరడగొచ్చు. జైళ్లు పంపే లెక్కల్లో మానసిక రోగులు నూటికి ఇద్దరు కూడా ఉండరు మరి. కానీ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బృందం బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో 5,024 మందిని పరీక్షించి 2011లో ఇచ్చిన నివేదిక చూడండి. వ్యసనాలను పక్కనపెట్టినా 1,389 మందికి, అంటే నూటికి 27 మందికి పైగా, మానసిక జబ్బు తేలింది. ఒక జైలు లెక్కను దేశమంతటికీ అంటగట్టలేం. అయినా ఇంత తేడా ఎందుకంటే, ఒకచోట కూర్చోబెట్టి అడిగారు, మరోచోట అడగలేదు. నాకైతే అలాగే అనిపిస్తుంది. గోల చేసేవాడు రిజిస్టరుకెక్కుతాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు బుద్ధిమంతుడి కింద లెక్క. 2022లో జైళ్లలో ఆత్మహత్య చేసుకున్నవారు 119 మంది.

మరి వీడియోలో డాక్టరును చూపిస్తే? కొంత మేలే. ఖైదీని హైదరాబాద్ ఎర్రగడ్డకో, విశాఖ మానసిక వైద్యశాలకో తీసుకెళ్లాలంటే వ్యాను కావాలి, ఎస్కార్టు పోలీసులు దొరకాలి. మందుల మోతాదు సరిచూడటానికి ఆ ప్రయాణమంతా ఎందుకు, తెర చాలు. అయితే తెర పెట్టినంత మాత్రాన 25 మంది 26 కారు. ఎవరిని తెర ముందు కూర్చోబెట్టాలో తెర చెప్పదు. అది కనిపెట్టాల్సింది రోజూ చూసే వార్డరు, జైలు డాక్టరు. జైలు డాక్టర్లకు మానసిక వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

ఇంకో చిక్కు, చాటు లేకపోవడం. పక్కనే వార్డరు నిలబడితే చచ్చిపోవాలనుందని ఎవరు చెబుతారు? చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును ఆ చట్టమే ఇచ్చింది. బయటున్న మనకు 14416 నంబరులో టెలీ మానస్ ఉంది, ఏ అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు. లోపలివారి చేతిలో ఆ ఫోనే ఉండదు.

ఆ చట్టంలోనే 103వ సెక్షన్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. జైలు డాక్టరు మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు నివేదిక పంపాలి. మానసిక రోగులు తమ జైల్లో ఎవరూ లేరని ధ్రువీకరిస్తూ! నిజంగా ఉంటే జైలు ఆసుపత్రిలోని మానసిక వార్డుకో, అది లేకపోతే మానసిక వైద్యశాలకో మార్చి ఉండాలన్నది దాని ఉద్దేశం. ఎవరినైనా మార్చకుండా లోపలే ఉంచితే ఎందుకని అడిగే అధికారమూ బోర్డుకుంది.

మీవాళ్లెవరైనా లోపలుంటే, అంతకుముందు మందులు వాడుతుంటే, ఆ మందుల చీటీల నకళ్లు మొదటి ములాఖత్ రోజే జైలు డాక్టరుకు అందేలా చూడండి. ఒక నకలు వకీలు దగ్గరా ఉంచండి.