కెరటాలను పలికించిన గిటారు

నెల్లూరికి తూర్పున మైపాడు ఒడ్డున నిలబడి చూస్తే, దూరాన సముద్రం నున్నగా ఉన్నట్టే ఉంటుంది. కాని ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ అల లేచి, వంగి, ఒక్కసారిగా విరిగి నురగలు కక్కుతుంది. లోతు తగ్గిన చోట అల అడుగుభాగం నెమ్మదిస్తుంది. పైభాగం ఆగలేక ముందుకు పడుతుంది. వేటకు పోయే జాలర్లు రోజూ ఈ విరిగే కెరటాన్ని దాటాలి. దీన్ని ఇంగ్లీషులో సర్ఫ్ అంటారు. బట్టల సబ్బుపొడి కాదు సుమా!

మన జాలర్లకు అడ్డంగా వచ్చే ఈ కెరటమే, పసిఫిక్ సముద్రపు ఒడ్డున కాలిఫోర్నియా కుర్రాళ్ళకు ఆట అయింది. వాళ్ళు పొడుగాటి పలక మీద నిలబడి కెరటంతోపాటు జారుతూ వస్తారు. అలాంటివాళ్ళలో ఒకడు డిక్ డేల్. ఆయన 1937లో బోస్టన్ నగరంలో పుట్టాడు. కెరటం మీద ఉన్నప్పుడు చెవుల్లో మోగే హోరును గిటారు మీద వినిపించాలని ఆయన పట్టుదల.

డేల్‌ది పుర్రచేతి వాటం. గిటారుకు తీగలు బిగించేది కుడిచేతివాళ్ళ కోసం. పుర్రచేతివాళ్ళు వాటిని విప్పి, వరస మార్చి కట్టుకుంటారు. డేల్‌కు మొదట ఆ సంగతి తెలియదు. గిటారును తిరగేసి పట్టుకున్నాడు, అంతే! లావు తీగలు కిందికీ, సన్న తీగలు పైకీ వచ్చాయి. జీవితాంతం అలాగే వాయించాడు. పుర్రచేత్తో రాస్తే పిల్లల్ని కసిరే పెద్దలు ఈయన వాయింపు ఒకసారి వినాలి.

ఆయన తండ్రి వంశం లెబనాన్ దేశానిది. ఒకనాడు ఒక చిన్నపిల్లవాడు, "ఒక్క తీగ మీదనే పాట వాయించగలవా?" అని అడిగాడట. డేల్‌కు చిన్నప్పుడు తనవాళ్ళ దగ్గర విన్న "మిసిర్లూ" అనే పాట గుర్తుకు వచ్చింది. దాన్ని ఒకే తీగ మీద, కిందికీ పైకీ ఆగకుండా మీటుతూ, విపరీతమైన వేగంతో వాయించాడు. 1962లో అది రికార్డుగా వచ్చింది.

అంతకు ముందు సంవత్సరమే బాల్బోవాలో ఆయన కచేరీలకు జనం విరగబడ్డారు. అంతమందికి వినిపించాలని గట్టిగా వాయిస్తే ఆంప్లిఫయర్లు కాలిపోయేవి! గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ చివరకు ఆయన కోసం మరింత బలమైనది చేశాడు. వాయిద్యానికి కరెంటు తోడైతే ఏమవుతుందో మనకూ తెలుసు: పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కృతులు పలికించాడు.

ఇంకొక తమాషా పెట్టె కూడా ఉన్నది. బావిలోకి తొంగి కేక వేస్తే గొంతు కాసేపు మోగుతుంది గదా? ఆ పెట్టెలో బావికి బదులు స్ప్రింగులుంటాయి. గిటారు నుంచి వచ్చే కరెంటు స్ప్రింగు ఒక కొనను వణికిస్తుంది. ఆ వణుకు రెండో కొనకు కొంచెం ఆలస్యంగా చేరి, అటూ ఇటూ తిరిగి చల్లారుతుంది. దాన్ని మళ్ళీ కరెంటుగా మార్చి అసలు ధ్వనితో కలుపుతారు. అప్పుడు గిటారు నీళ్ళలో మోగుతున్నట్టుంటుంది. డేల్ ఈ పెట్టెను మొదట కోరుకున్నది తన గొంతు కోసమే!

ముసలితనంలో ఆయన కచేరీకి వెళ్ళినవాళ్ళకు గొప్ప వేడుక. తోటివాడి బేస్ గిటారు తీగల మీద డ్రమ్ము పుల్లలతో దరువు వేసేవాడు. గిటారు వదిలి ట్రంపెట్ ఊదేవాడు. అంత హుషారుగా వాయించే మనిషికి కాన్సరు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు. తను బతికి ఉండటానికి కావలసిన వైద్య సామగ్రికి నెలకు 3,000 డాలర్లవుతున్నదనీ, అందుకే ఊళ్ళు తిరుగుతున్నాననీ 2015లో ఆయనే చెప్పాడు. నిలబడటమే కష్టమైన రోజుల్లో కూడా, కచేరీ అయ్యాక జబ్బుపడిన అభిమానులతో కూచుని మాట్లాడేవాడు.

2019 మార్చి 16న, తన 81వ ఏట, డేల్ కాలిఫోర్నియాలో చనిపోయాడు. ఆ సంవత్సరానికి ఆయన ఒప్పుకున్న కచేరీలు ఇంకా మిగిలే ఉన్నాయి.