ఇంటి పిల్లికి కోపం ఎందుకు? దాన్ని దించడం ఎలా?

ఒడిలో పడుకుని గురగురలాడే పిల్లి, నిమురుతుండగానే చటుక్కున ఎందుకు కరుస్తుంది?

చటుక్కున కరిచిందని మనకు అనిపిస్తుంది. నిజానికి పిల్లి అంతకుముందే రెండు మూడు సార్లు చెప్పి ఉంటుంది. తోక కొన అటూ ఇటూ కొట్టుకుంటుంది. వీపు మీద చర్మం జలదరిస్తుంది. చెవులు పక్కలకు తిరుగుతాయి. గురగుర ఆగిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, తల తిప్పి మన చేతి వంక చూస్తుంది. ఇవన్నీ ఇక చాలు అని చెప్పే గుర్తులే. మనమేమో టీవీ చూస్తూనో, ఫోన్లో మాట్లాడుతూనో నిమురుతూనే ఉంటాం. చెప్పి చెప్పి, చివరికి పళ్లతో చెబుతుంది.

చెలిమిగా ఉన్న రెండు పిల్లులు ఒకదాన్నొకటి నాకడం గమనించండి. కాసేపే నాకుతాయి, అదీ తలా మెడా దగ్గరే ఎక్కువ. మనం చెయ్యి వేయాల్సిందీ అక్కడే: చెంపలు, గడ్డం కింద, చెవుల నడుమ. తోక మొదలు దగ్గరా పొట్ట మీదా చెయ్యి పడితే చాలా పిల్లులు ఓర్చుకోవు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిందంటే మన మీద నమ్మకం ఉందని అర్థం, పొట్ట తడమమని కాదు. మూడు నాలుగు సార్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే తానే తల తెచ్చి రుద్దుతుంది. రుద్దకపోతే అక్కడితో ఆపాలి.

పళ్లు దిగినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోవద్దు. పారిపోయేదాన్ని పట్టడమే పిల్లి పుట్టుక. లాగిన కొద్దీ బిగిస్తుంది, గాయం చీరుకుపోతుంది. చెయ్యి కదపకుండా ఉంచి, వీలైతే కొద్దిగా దాని వైపే నెడితే వదిలేస్తుంది.

పిల్లప్పుడు ముద్దుగా ఆడుకున్నదే, ఇప్పుడు నడిచేటప్పుడు కాళ్ల మీద పడి రక్కుతోంది. ఎందుకు?

రెండు కారణాలు. మొదటిది, కూనను తల్లి నుంచి మరీ తొందరగా విడదీయడం. అటక మీద పిల్లి ఈనిందని తెలియగానే, కళ్లు తెరిచి నెల తిరగకముందే కూనల్ని తలొకరు పంచుకుపోతారు. రెండో వారం నుంచి ఏడో వారం దాకా పిల్లి కూన మనుషులకు అలవాటు పడే వయసు కాబట్టి, ఆ రోజుల్లో ఎత్తుకోవడం, మాట్లాడించడం మంచిదే. కానీ ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో కూనకు నేర్పేవి తోబుట్టువులు. గట్టిగా కరిస్తే అవి అరిచి ఆట మానేస్తాయి. మూడు నెలల దాకా తల్లి దగ్గరే ఉంచగలిగితే ఈ పాఠం పూర్తవుతుంది. ఒంటరిగా వచ్చిన కూనకు మనం వేళ్లు ఆడించి, కాలి బొటనవేలు కదిపి కరవడమే నేర్పుతాం. నెల కూన పళ్లు గిలిగింత పెడతాయి, ఏడాది పిల్లి పళ్లు ఎముక దాకా దిగుతాయి.

రెండోది మన ఇళ్లలో వచ్చిన మార్పు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పిల్లిని సాకింది ముద్దు కోసం కాదు. జొన్నల గుమ్మి, పల్లికాయ బస్తాలు, విత్తనాల మూటలు ఎలుకల పాలు కాకుండా ఉండటానికి. రాత్రంతా పెంకుల మీదా దొడ్డిలోనూ వేటాడి, పొద్దున ఇంత గంజో బువ్వో తిని పొయ్యి పక్కన పడుకునేది. పిల్లికీ మనిషికీ పొత్తు కుదిరిందే గాదెల దగ్గర. సుమారు 10,000 ఏళ్ల కిందట పశ్చిమాసియాలో సేద్యం మొదలై, నిలవ గింజలకు ఎలుకలు చేరినప్పుడు, వాటి వెంట అక్కడి అడవిపిల్లి ఊళ్లోకి వచ్చింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కన పిల్లిని పెట్టి ఉండటాన్ని 2004లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. అదే పిల్లి ఇప్పుడు టౌన్లో మొదటి అంతస్తు కిరాయింట్లో, ఎలుకే లేని రెండర్రల మధ్య ఉంటోంది. గిన్నెలో తిండి సిద్ధంగా ఉంటుంది కానీ పొంచి, దూకి, పట్టి, కొరికే పని లేదు. ఇంట్లో కదిలేవి మన కాళ్లు, దుప్పటి కింద మన పాదాలు. వాటి మీదే పడుతుంది.

ఆ పని మనమే కల్పించాలి. కట్టెకు దారం కట్టి, చివర గుడ్డపీలిక ముడివేసి నేల మీద ఎలుకలా పారించండి, మంచం చాటుకు పోనివ్వండి, ఆగి మళ్లీ కదపండి. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు పిల్లికి వేట మీద మనసు. ఆ రెండు వేళల్లో పది పదిహేను నిమిషాలు ఆడించి, చివర్లో తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్లు నాక్కుని పడుకోవడం దాని క్రమం. ఇంట్లో ఎవరూ చేతుల్ని ఆట బొమ్మ చేయకూడదు. ఒకరు మాని ఒకరు ఆడిస్తే నేర్పిందంతా వృథా.

చుట్టాలొచ్చిన రోజే పిల్లి రెచ్చిపోతుంది. ఎందుకు?

భయం వల్ల. ఇంటి పిల్లి చూపే కోపంలో చాలా భాగం భయమే. పెండ్లికి వాకిట్లో డీజే పెడతారు, పటాకులు కాలుస్తారు, ఇల్లంతా కొత్త మనుషులు, కొత్త వాసనలు. పిల్లి మంచం కిందికి దూరుతుంది. అంతటితో వదిలేస్తే ఏమీ కాదు. చూపిస్తామని పిల్లలు దాన్ని కాలు పట్టి బయటికి లాగుతారు. భయపడ్డ పిల్లి ముందు పారిపోవాలని చూస్తుంది, వీలుకాకపోతే దాక్కుంటుంది, అదీ సాగకపోతేనే తిరగబడుతుంది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత మనకు ఉండనే ఉంది. జంతువుల నడవడికను చదివిన పశువైద్యులు చెప్పే సూత్రమూ అదే: దూరం ఇవ్వండి, దారి ఇవ్వండి.

పండుగకో పెండ్లికో ముందు రోజే ఒక అర్రలో నీళ్లు, తిండి, ఇసుక తట్ట, తను పడుకునే పాత చీర పెట్టి, పిల్లిని అందులో ఉంచి దర్వాజ వేయండి. బీరువా మీద ఒక అట్టపెట్టె పెడితే ఇంకా మంచిది. ఎత్తు మీంచి నలుగురినీ చూడగలిగిన పిల్లికి సగం భయం తగ్గుతుంది. దాక్కున్న పిల్లిని ఎవరూ లాగవద్దని పిల్లలకు చెప్పండి, పిల్లల కంటే ముందు పెద్దలకు చెప్పండి.

కొడితే మానుతుందనుకోవడం తప్పు. చెంప మీద కొట్టడం, నీళ్లు చల్లడం, ఎదిగిన పిల్లిని మెడ తోలు పట్టి వేలాడదీయడం వల్ల పిల్లికి అర్థమయ్యేది ఒకటే, ఈ మనిషి ప్రమాదమని. తను చేసిన పనికీ మన దెబ్బకూ ముడి అది వేసుకోదు. రేపటి నుంచి మన చెయ్యి పైకి లేస్తే చాలు రక్కుతుంది. కొట్టడం వల్ల కరిచే పిల్లి తయారవుతుందే తప్ప కరవని పిల్లి తయారుకాదు.

కిటికీలో కూర్చున్న పిల్లి, నేను ఏమీ చేయకుండానే వెనక్కి తిరిగి నా మీద పడింది. ఇదేం పిచ్చి?

పిచ్చి కాదు. కిటికీ అవతల గోడ మీద ఊరి గండుపిల్లి నడిచి ఉంటుంది, లేదా దాని మూత్రం వాసన వచ్చి ఉంటుంది. తన హద్దులోకి వచ్చిందాని మీదికి పోవాలి, మధ్యలో ఊచలూ జాలీ అడ్డం. ఒళ్లంతా రగిలిపోయి ఉన్న ఆ నిమిషంలో మనం వెనక నుంచి చెయ్యి వేశాం. ఎవరి మీదో ఉన్న కోపం మన మీద పడింది. ఇంట్లో రెండో పిల్లి ఉంటే దాని మీదా పడవచ్చు, అంతవరకు ఒకే గిన్నెలో తిన్నవి ఆ ఒక్క రాత్రితో బద్ధవిరోధులవుతాయి.

ఇలాంటప్పుడు బుజ్జగించబోతే మళ్లీ గాయమే. ఎత్తుకోవద్దు, కళ్లలోకి చూడవద్దు. దీపం ఆర్పి, దర్వాజ వేసి, దాన్ని ఒంటరిగా వదిలేయండి. చల్లబడటానికి కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒక రోజు. తిండి దగ్గరికి మామూలుగా వచ్చిందంటే తగ్గినట్టు. తర్వాత ఆ కిటికీ కింది సగానికి అట్టో గుడ్డో కట్టి బయట కనిపించకుండా చేయండి. వాకిట్లో, బండి చక్రాల మీద గండుపిల్లి మూత్రం కొట్టిన చోటును బాగా కడిగేయండి. రెండు పిల్లులకు చెడితే వెంటనే కలపవద్దు. వేర్వేరు అర్రల్లో ఉంచి, ఒకటి పడుకున్న తువ్వాలు రెండోదాని దగ్గర వేయాలి. మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి తిండి పెట్టాలి. తలుపు సందు కొద్ది కొద్దిగా పెంచాలి. వారాలు పట్టినా ఇదే దగ్గరి దారి.

గండుపిల్లుల కొట్లాటకు అసలు మందు శస్త్రచికిత్స. 1973లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో, వృషణాలు తీయించిన గండుపిల్లుల్లో పదింట సుమారు తొమ్మిది కొట్లాటలు తగ్గించాయి. ఆడపిల్లికీ చేయించాలి. మన వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు ఎదకు వస్తుంది, చూలు సుమారు 63 రోజులే. ఐదో నెలకల్లా చేయించడం మేలు. దగ్గరి పశువుల దవాఖానలో అడగండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. ఈనిన పిల్లి కూనల దగ్గరికి రానివ్వకపోవడం మాత్రం జబ్బు కాదు, కొన్ని వారాలు దాని జోలికి పోకుంటే చాలు.

ఏళ్ల తరబడి ఎవరినీ కరవని పిల్లి ఇప్పుడు కరుస్తోంది. ఏం చేయాలి?

ముందు డాక్టర్‌కు చూపించాలి. ఆటలు, అలవాట్లు, కిటికీలు అన్నీ తర్వాత. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. చిగుళ్ల జబ్బు, పుచ్చిన పన్ను, ముసలితనంలో కీళ్ల నొప్పి, కొట్లాటలో పడిన గాటు లోపల చీము పట్టడం, పదేళ్లు దాటిన పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువవడం, వీటిలో ఏదైనా కోపంగానే పైకి కనబడవచ్చు. గురగురలాడుతోంది కదా, నొప్పి ఉండదనుకోవద్దు. నొప్పిలోనూ పిల్లి గురగురలాడుతుంది.

టౌన్లలో పర్షియన్ పిల్లుల్ని కొంటున్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే నేల ఇది. ఆ పొడవాటి బొచ్చు రోజూ దువ్వకపోతే చంకల్లో, పొట్ట కింద జడలు కడుతుంది. ప్రతి కదలికకూ చర్మం గుంజుతుంది. అక్కడ దువ్వెన పెట్టగానే కరిచే పిల్లిని పొగరుబోతు అనడం అన్యాయం. జడలు డాక్టర్ దగ్గర తీయించి, ఆ తర్వాత రోజూ కొంచెంగా దువ్వాలి.

నొప్పి కదా అని మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి ఎప్పుడూ వేయవద్దు. ఒక్క గోలీ దాని ప్రాణం తీయగలదు. కుక్కల పేలకు రాసే పెర్మెత్రిన్ మందూ పిల్లికి విషమే.

చేన్లో దొరికిన కూన ఎంత సాకినా మచ్చిక కావడం లేదు. ఎందుకు?

అది ఇంటి పిల్లి కాకపోవచ్చు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచునున్న అచ్చంపేట, దేవరకొండ వైపే కాదు, పొదలూ పైర్లూ ఉన్న ఎక్కడైనా అడవిపిల్లి బతుకుతుంది. పైరు కోసేటప్పుడు కూనలు బయటపడతాయి. కాళ్లు పొడవు, తోక పొట్టి, తోక చివర నల్లని పట్టీలు, చెవి కొనల మీద చిన్న నల్ల వెంట్రుకలు దాని ఆనవాళ్లు. మచ్చిక చేయాలనుకోవడమే తప్పు, పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం సాకడం నేరం. కూనలు కనబడితే ముట్టకుండా దూరం జరగండి, చీకటి పడ్డాక తల్లి వచ్చి తీసుకుపోతుంది. రాకపోతే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

కరిచింది. ఇప్పుడు ఏం చేయాలి?

పిల్లి పన్ను సూదిలాంటిది. పైన చుక్కంతే కనిపిస్తుంది, లోపల లోతుగా దిగి సూక్ష్మజీవుల్ని వదిలి వస్తుంది. మరునాటికే చెయ్యి వాచి ఎర్రబడవచ్చు. అంతకంటే పెద్ద భయం రేబిస్. కుక్క కరిస్తే పరుగెత్తేవాళ్లు కూడా పిల్లి గాటును పట్టించుకోరు. పిచ్చికుక్క కరిచిన పిల్లికీ రేబిస్ వస్తుంది, దాని నుంచి మనిషికీ వస్తుంది, వచ్చాక దాదాపుగా బతికే దారి లేదు.

వెంటనే ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ దవాఖానకు వెళ్లండి. టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. రక్తం వచ్చేలా పన్ను దిగితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. చిన్న దవాఖానలో అది లేకపోతే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో అడగండి. ధనుర్వాతం సూది సంగతి కూడా డాక్టర్‌ను అడగాలి. ఇంటి పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆపై ఏటా ఒకటి వేయించి ఉంటే ఈ భయంలో చాలా భాగం ముందే తొలగుతుంది.

కరిచిన పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి రావడం మన దగ్గర ఉన్న అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. అది పిల్లికి చేసే అన్యాయమే కాదు, మనకే ప్రమాదం. కరిచిన తర్వాత 10 రోజులు ఆ పిల్లి ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని తేలుతుంది. మిగిలిన సూదుల సంగతి డాక్టర్ దాన్ని చూసే నిర్ణయిస్తారు. వదిలేసిన పిల్లి సంగతి ఎవరికీ తెలియదు. టీకా మొదటి రోజే మొదలుపెట్టండి, పిల్లిని ఒక అర్రలో తిండీ నీళ్లూ పెట్టి 10 రోజులు కళ్లెదుటే ఉంచండి.