కొండ దిగు బండి వేడిమి - పేటెంటు పరీక్ష

కొండ యెక్కుట కష్టమని మన మందఱము నెఱుగుదుము. కాని బండికి ఎక్కుటకంటె దిగుటయే గండము. ఎక్కునపుడు బలము చాలకున్న ఆలస్యమగును; దిగునపుడు పట్టు తప్పెనా, లోన కూర్చున్నవారి ప్రాణములకే ముప్పు.

ఈ సంగతిని మోటారుబండ్ల తొలినాళ్ళలోనే యొక యిల్లాలు స్వయముగా తెలిసికొనెను. 1888వ సంవత్సరము ఆగష్టు మాసమున జర్మనీ దేశమునందు బెర్తా బెంజ్ అను నామె, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిపై ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ పట్టణమునుండి ఫోర్త్‌స్‌హైమ్‌నందలి తల్లి యింటికి బయలుదేరెను. దూరము నూఱు కిలోమీటర్లకు పైమాట. పల్లములు దిగి దిగి దారిలో బ్రేకు చెక్కలు అరిగిపోయెను. ఆమె వెఱవక, ఒక చర్మకారునిచేత ఆ చెక్కలకు తోలు కొట్టించి ప్రయాణము సాగించెను.

చెక్క యేల అరిగెను? బండి వేగము ఊరక మాయమైపోవునది కాదు. దాని నాపినచో అది వేడిమిగా మారును. చలికాలమున అరచేతులు రెండును రుద్దుకొనిన వెచ్చబడుట మనము చూచుచున్నదే. బ్రేకనగా, బండి వేగమును వేడిమిగా మార్చు సాధనమే. ఆ వేడిమిని ఎచ్చటికి పంపవలయునన్నది ఆనాటినుండి నేటివఱకు ఇంజనీర్లను వేధించుచున్న ప్రశ్న.

విద్యుచ్ఛక్తితో నడచు బండ్లయం దీ ప్రశ్నకు ఒక చక్కని జవాబు కలదు. బండిని నడపు మోటారునే, దిగునపుడు విద్యుత్తును పుట్టించు యంత్రముగా పనిచేయింపవచ్చును. చక్రములు మోటారును త్రిప్పును; మోటారు విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి పంపును; ఆ శ్రమచే బండి నెమ్మదించును. వండినది మిగిలినపుడు పాఱవేయక దాచుకొను పొదుపరి యిల్లాలి నడవడి వంటి దిది. కాని దాచు గిన్నె యప్పటికే నిండియున్న నేమి చేయుదుము? కొండపైననే నిండుగా చార్జి చేసిన బ్యాటరీతో దిగువకు బయలుదేరిన బస్సునకు సరిగా నిట్టి చిక్కే కలుగును. బ్యాటరీ యిక విద్యుత్తును పుచ్చుకొనదు. ఖాళీగా నున్నపుడైనను, ఒక్క పెట్టున వచ్చు విద్యుత్తును కొంత మితమునకు మించి స్వీకరింపజాలదు.

ఆ శక్తి యెంతటిదో మనకు తెలిసిన బాటమీద లెక్క వేసి చూతము. 1944లో ప్రారంభమైన తిరుమల మొదటి ఘాటు రోడ్డు నేడు కొండ దిగు బాటగా నున్నది. 2022 నుండి తిరుపతి తిరుమలల నడుమ విద్యుత్ బస్సులును నడచుచున్నవి. ప్రయాణికులతో కూడ 15 టన్నుల బరువుగల బస్సొకటి అట్టి కొండనుండి 650 మీటర్ల ఎత్తు దిగినదనుకొందము. అది విడుచు శక్తి యించుమించు 26 యూనిట్ల విద్యుత్తునకు సమానము. దానితో 300 లీటర్ల చన్నీటిని మరుగ కాచవచ్చును. నలువది నిమిషములలో దిగినచో, వేయి వాట్ల ఇస్త్రీ పెట్టెలు నలువదింటిని అంతసేపును ఎడతెగక కాల్చినట్లే. రోడ్డు రాపిడియు, ఎదురుగాలియు నిందు కొంత హరించును. ఐనను మిగిలినది తక్కువ కాదు. ఈ వేడిమి నంతటిని రాపిడి బ్రేకులపై మోపినచో అవి మితిమీరి కాగి పట్టు సడలును. అందుచేతనే దీర్ఘమైన వాలులందు రెండవ యుపాయ మొకటి అవసరమగుచున్నది.

ఆ యుపాయమే బ్రేకు నిరోధకము. బ్యాటరీ పుచ్చుకొనని విద్యుత్తును లోహపు పట్టీలగుండ ప్రవహింపజేసిన, అవి ఎఱ్ఱగా కాలి, ఆ శక్తిని వేడిమి రూపమున గాలిలోనికి వదలివేయును. దీనికి చుట్టము మన యింటనే యున్నాడు. విద్యుత్ పొయ్యిలోని కాలు తీగయే యది. నికెలు, క్రోమియముల మిశ్రలోహమును ఇట్టి పనికి వాడు పద్ధతికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అను నాతడు 1906లో పేటెంటు పొందెను. ఆనాటి యచ్చటి చట్టము ప్రకారము పదునేడు సంవత్సరములు, అనగా 1923 వఱకు, అది అతని హక్కు. ఆ పిమ్మట సర్వజనుల సొత్తు. మన యిండ్లకు ఆ తీగ చౌకగా వచ్చుటకు ఆ గడువు తీఱుటయు నొక కారణము.

నిరోధకమును చల్లార్చుటకు నీరైనను, గాలియైనను ఉపయోగింపవచ్చును. నీరు కొలదిచోటనే మిక్కుటమైన వేడిమిని మోయును; కాని గొట్టములు, పంపు, కారుట, బరువు అను చిక్కు లుండును. గాలి తేలికైనది, వెల లేనిది; ఐతే వేడిమిని మోయు శక్తి తక్కువ. నూఱు కిలోవాట్ల వేడిమిని, గాలి యుష్ణము 200 డిగ్రీలు మాత్రమే పెరుగునట్లు తొలగింపవలయునన్న, సెకనునకు సుమారు అరకిలో గాలి పట్టీలమీదుగా పాఱవలయును. అనగా బలమైన పంకా కావలయును. ఆ గాలి అన్ని పట్టీలకును సమముగా తగులవలయును. బస్సు క్రిందనో పైకప్పుమీదనో ఇమిడిపోవలయును. దుమ్మునకును వాననీటికిని ఓర్చుకొనవలయును. నూతన కల్పనలకు తావు దొరకున దిచ్చటనే.

ఇట్టి నిరోధకమునకు మెఱుగొకటి కనిపెట్టి, పేటెంటు కోరు ఇంజనీరమ్మ యొకతెను ఊహింతము. పేటెంటనగా ప్రభుత్వమునకును కల్పకునకును నడుమ జరుగు బేరము. కల్పకుడు తన రహస్యమును, ఇతరులును చేయగలుగునంత విపులముగా వ్రాసి యీయవలయును. అందులకు ప్రతిగా, దరఖాస్తు తేదీనుండి ఇరువది సంవత్సరములు దానిపై నాతనికి ప్రత్యేకమైన హక్కు లభించును. ఐతే ఇచ్చినది నిజముగా క్రొత్తదియేనా? ఈ ప్రశ్న వేయువాడే పరీక్షాధికారి.

అతడు మొదట వెదకును. ప్రపంచములోని పేటెంటు పత్రములన్నియు విషయానుసారముగ గుర్తులతో వర్గీకరింపబడియున్నవి. నిరోధకముతో బ్రేకు వేయు పద్ధతులకు "బి 60 ఎల్ 7/02" అనియు, నిరోధకములను చల్లార్చు ఏర్పాటులకు "హెచ్ 01 సి 1/08" అనియు గుర్తులు. వంటయింట డబ్బాలకు పేర్లు వ్రాసి యుంచిన, వలసినది చేతి కందినట్లే, ఈ గుర్తులచే పాత పత్రములు బయటపడును.

మన ఇంజనీరమ్మ తన మొదటి హక్కు వాక్యమున "విద్యుద్వాహనమున నిరోధకము, దానిపై గాలి విసరు పంకా" అని వ్రాసెననుకొందము. పరీక్షాధికారి వెంటనే ఆక్షేపించును. డీజిల్ విద్యుత్ రైలింజనులలో నిరోధకములను పంకాతో చల్లార్చుట దశాబ్దముల నాటి మాట. పట్టాలమీదిది రోడ్డు మీదికి తెచ్చినంత మాత్రమున నూతన కల్పన యగునా? చింతపండు దొరకనపుడు నిమ్మరసముతో పులిహోర కలుపుట వంట తెలిసిన యే యిల్లాలికైనను తోచును. అట్లే ఆ విద్యయందు ఆరితేరినవారికి సహజముగా తోచు మార్పునకు పేటెంటు లేదు.

"ఐనచో, ఆ పంకా బ్రేకు విద్యుత్తుతోనే తిరుగును, వేరు విద్యుత్తు అక్కఱలేదు" అని యామె రెండవ వాక్యమున చెప్పవచ్చును. మాట యింపైనదే. బ్రేకు గట్టిగా పడినకొలది పంకాయు వేగముగ తిరుగును. కాని ఆ తెలివియు పాత రైలింజనులయం దున్నదే! మఱియు మన దేశపు 1970 నాటి పేటెంటు చట్టము మూడవ పరిచ్ఛేదమున నొక నియమము కలదు: తెలిసిన వస్తువులను ప్రక్క ప్రక్కన చేర్చగా, ఒక్కొక్కటి తన పాత పనినే వేర్వేరుగా చేయుచున్నచో, ఆ చేర్పు నూతన కల్పన కానేరదు.

ఇంతటితో ఆమె ఆశ వదలుకొనవలసినదేనా? కాదు. ఆమె దరఖాస్తు చివర నొక చిన్న సంగతి యున్నది. గాలి ముందుగా తగులు పట్టీలు చల్లగా నుండి, చిట్టచివరి పట్టీలు మితిమీరి కాలుచుండుట ఆమె గమనించెను. ఏలయన, అచ్చటికి చేరునప్పటికే గాలి వేడెక్కియుండును. ఆమె పెట్టెలో నొక ఏటవాలు రేకు నమర్చి, కొంత చల్లగాలిని ప్రక్కనుండి తిన్నగా చివరి పట్టీలకు చేర్చెను. దాని కనుగుణముగా పట్టీల నడుమ సందులను మార్చెను. అదే పంకాతో, అదే పెట్టెలో, అతి వేడియైన పట్టీ యుష్ణము తగ్గెను. ఇచ్చట రేకును సందులును కలసి, విడివిడిగా చేయజాలని పనిని చేయుచున్నవి.

పరీక్షాధికారి దీనినైనను తొందరపడి యొప్పుకొనడు. రేకు ఏ కోణమున నుండవలయును? సందులు ఎంతెంత? కొలతలేవి? ఇట్టి యేర్పాటు వేఱొక కాలు పెట్టెలో ఎవరైనను వ్రాసియుండిరా? వీనికెల్ల సమాధానము చెప్పి, అట్టిది పూర్వము లేదని తేలినచో, హక్కు వాక్యము కుదించుకొని ఆమె పేటెంటు పొందవచ్చును. ఇల్లంతయు కోరి, తుదకొక గది పొందినట్లగును. కాని ఆ గది నిజముగా ఆమె కట్టినదే.

ఈ కుదింపు లేక, మొదటి వాక్యమునకే హక్కు లభించినచో నేమగును? గాలితో చల్లార్చు నిరోధకము పెట్టు ప్రతి బస్సు తయారీదారును ఆమెకు రుసుము చెల్లింపవలసివచ్చును. ఎప్పుడో అందఱి సొత్తైన దానికి మన మందఱమును టిక్కెట్టు రూపమున మరల వెల యిత్తుము. వెదకుట యందు లోపము కలిగిన నెట్టి యనర్థము వచ్చునో పసుపు విషయమున చూచితిమి. గాయములు మాన్పుటకు పసుపు వాడుటపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథముల సాక్ష్యము చూపి వాదింపగా, 1997లో దానిని రద్దుచేసిరి. మన అమ్మమ్మల కందఱకు తెలిసిన సంగతి క్రొత్తది కాదని నిరూపించుటకు అంత శ్రమ పడవలసివచ్చెను! పరీక్షాధికారి కాఠిన్యము కల్పకులమీద కోపము కాదు. అందఱి పెరటి చెట్టును ఒకరు కంచె వేసికొనకుండ కాపాడుట.

ఇంటనో, పనిచోటనో ఏదేని క్రొత్త యుపాయము తోచిన సోదరీమణులు కొన్ని సంగతులు తప్పక గుర్తుంచుకొనవలయును. దరఖాస్తు పెట్టకముందే దానిని పత్రికలో ప్రకటించినను, బజారులో చూపినను, కొలది మినహాయింపులు తప్ప, మీ మాటయే మీ క్రొత్తదనమునకు శత్రువగును. పూర్తి వివరము సిద్ధము కాకున్నచో తాత్కాలిక వివరణ మిచ్చి, పండ్రెండు నెలలలో సంపూర్ణ వివరణ మీయవచ్చును. దరఖాస్తు పెట్టినంతనే పరీక్ష జరుగదు. దానికై వేరుగా కోరవలయును. 2024 నాటి నిబంధనల ప్రకారము ఆ కోరికకు గడువు 31 నెలలు. గడువు దాటినచో దరఖాస్తును వెనుకకు తీసికొన్నట్లే భావింతురు. పరీక్షా నివేదిక వచ్చిన పిమ్మట ఆఱు నెలలలో జవాబు వ్రాయవలయును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల వారి దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయమునకు చెందును. 2019 నుండి స్త్రీలు తమ పేర దరఖాస్తు పెట్టినచో త్వరిత పరీక్షను కోరు సౌకర్యము కూడ గలదు. ఆక్షేపణలతో నివేదిక వచ్చినదని క్రుంగిపోవలదు. అది తిరస్కారము కాదు, సంభాషణకు ఆరంభము.

తిరిగి బెర్తా బెంజ్ కడకు పోదము. ఆమె తోలు బ్రేకు నేటి పరీక్షాధికారి యెదుటికి వచ్చియుండినచో, "గుఱ్ఱపుబండ్లకు మునుపే ఇట్లు తోలు వేయుచుండిరా?" అనియే అతడు మొదట అడిగియుండును. జవాబు ఎటులైనను, లోపమును దారిలో కనిపెట్టినది బండి నడపినయామెయే. కొండ లెక్కుటకు బండికి మరియొక గేరు కావలయునని ఇంటికి వచ్చి భర్తకు చెప్పినదియు నామెయే. చేతితో పని చేయువారికి తోచునట్టి సంగతులు బల్లముందు కూర్చున్నవారికి తోచవు. కావున మీకును అట్టిదేదైన తోచిన, ముందుగా ఒక పుస్తకమున తేదీ వేసి, బొమ్మ గీసి, కొలతలతో వ్రాసి యుంచుడు. ఊరికి చెప్పుట ఆ తరువాతి మాట.