చెల్లని చిల్లర... చెదరని జ్ఞాపకం!

మీ ఇంట్లో కుట్టుమిషను సొరుగులోనో, దేవుడి అలమర మూలనో ఒక పాత సీసా ఉండే ఉంటుంది చూడండి. అందులో గుండీలు, పిన్నీసులు, తాళం పోయిన తాళంచెవులతో పాటు నాలుగు పరాయిదేశపు నాణేలు కూడా ఉంటాయి. దుబాయి నుంచి వచ్చిన తమ్ముడు పిల్లల చేతిలో పెట్టినవో, అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళొచ్చిన పిన్నిగారు తెచ్చినవో! నోట్లయితే మార్చుకోవచ్చు. చిల్లర నాణేలని మాత్రం డబ్బు మార్చే దుకాణాలవాళ్ళు సాధారణంగా తీసుకోరు. కూరగాయలమ్మి ఎలాగూ తీసుకోదు. పారేద్దామంటే మనసొప్పదు. మరేం చెయ్యాలి?

మా ఇంట్లో అలాంటిదే ఒక హార్లిక్స్ సీసా ఉంది. మాది కోనసీమ. మావారు 2006లో డ్రైవరు పనికి కువైట్ వెళ్ళారు. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు. రెండేళ్ళకోసారి సెలవు. వచ్చినప్పుడల్లా జేబులో మిగిలిన చిల్లర అమ్మాయి గుప్పిట్లో పోసేవారు. అది తీసుకెళ్ళి సీసాలో వేసుకునేది. 2020లో కరోనా వచ్చి, పని పోయి, మూడు నెలల జీతం అక్కడే వదిలేసుకుని ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత ఆ సీసా కనబడితే చాలు, "ఆ పనికిరాని చిల్లర ఇంకా ఎందుకూ, అవతల పారెయ్" అనేవారు. నేను పారెయ్యలేదు. మిషను వెనక దాచాను.

కిందటి వేసవిలో అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. తనతో ఏం పంపుదామా అని ఆలోచిస్తుంటే సీసా గుర్తొచ్చింది. చాపమీద బోర్లించి లెక్కపెట్టాం. మొత్తం 63 నాణేలు, 2 దినార్ల 385 ఫిల్సులు. (వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు.)

ముందు నాణేన్ని చూడండి

పని మొదలుపెట్టే ముందు ప్రతి నాణేన్నీ వెలుతురులో తిప్పి చూడండి. కువైట్ నాణేలన్నిటిమీదా తెరచాప ఎత్తిన ఓడ ఉంటుంది. చమురు దొరక్కముందు ఆ ఊరివాళ్ళ బతుకంతా సముద్రం మీదే కదా! దుబాయి నుంచి వచ్చే దిర్హం మీద కాఫీ కూజా, 25 ఫిల్సుల మీద జింక ఉంటాయి. అమెరికా పావు డాలర్లలో 1999 నుంచి 2008 దాకా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బొమ్మ వేశారు. జపాన్ 5 యెన్ నాణేనికి మధ్యలో చిల్లు, పక్కన వరికంకి! మన పెద్దలనాటి చిల్లుకాణీ జ్ఞాపకం రావడంలేదూ? 1943 నుంచి 47 దాకా మన దేశంలోనూ అలాంటి కాణీలే చెల్లాయి మరి.

ఇంకో విశేషం. 1961లో సొంత దినారు వచ్చేదాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే. చివరి రెండేళ్ళూ గల్ఫ్ కోసమని మన దేశమే వేరే రంగులో నోట్లు అచ్చువేసి పంపింది. ఇది చెప్తే మావారికే ఆశ్చర్యం వేసింది.

శుభ్రం చెయ్యడం ఇలా...

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఇత్తడి చెంబులకి చేసినట్టు పసుపురంగు 10 ఫిల్సుల నాణేన్ని చింతపండు గుజ్జులో నానబెట్టాను. తీసేసరికి తళతళలాడలేదు సరికదా, ఎర్రగా మచ్చలు తేలింది! పులుపు ఇత్తడిలోని జింకును లాగేస్తే రాగి పైకి తేలుతుందట. అందుకని చింతపండు, నిమ్మకాయ, బూడిద, పీచు... ఏవీ వద్దు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి, వేళ్ళతో మెల్లిగా రుద్ది, మంచినీళ్ళలో కడిగి, మెత్తటి పాతగుడ్డతో తడి అద్దండి. గంటసేపు ఆరనివ్వండి. పాతబడ్డ రంగు పోకపోతే ఉండనివ్వండి, అదే అందం!

జ్ఞాపకాల పటం

కావలసినవి: కాస్త లోతున్న ఫోటో ఫ్రేము, దానికి సరిపడా అట్ట, మందపాటి కాటన్ గుడ్డ, ఎంబ్రాయిడరీ దారం, సూది, తెల్ల కాగితం చీటీలు, అద్దాల సైజు కన్నా పెద్ద నాణేలకైతే పట్టుదారం.

తయారుచేసే విధానం: లంగాలమీద అద్దాలు కుట్టిన చెయ్యైతే మీకు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. గుడ్డమీద నాణెం పెట్టి చుట్టూ పెన్సిలుతో సన్నగా గియ్యండి. నాణెం మీదుగా నిలువుగా రెండు, అడ్డంగా రెండు బిగువు కుట్లు వెయ్యండి. మధ్యలో చదరపు గడి వస్తుంది. కుట్లు దాటే ప్రతిచోటా దారాన్ని ఒక చుట్టు తిప్పాలి. తర్వాత ఆ దారాల్ని పట్టుకుని, నాణెం చుట్టూరా కాజాకుట్టు కుట్టుకుంటూ రండి. కుట్టు బిగిసేకొద్దీ గడి గుండ్రంగా విచ్చుకుని బొమ్మ కనిపిస్తుంది. అద్దం కన్నా నాణెం బరువు కాబట్టి జంట దారం వాడండి. మొదటి నాలుగు కుట్లూ మరీ అంచుకి వేస్తే నాణెం జారిపోతుంది, కాస్త లోపలికే వెయ్యాలి.

జిగురుతో అంటిస్తే తేలిక కదా అంటారేమో! నేనూ ముందు అదే చేశాను. వెంటనే అతుక్కునే రకం జిగురు రాసి, ఆరకుండానే ఫ్రేములో బిగించాను. తెల్లారేసరికి నాణెం మీదా, అద్దం మీదా తెల్లటి మసక కమ్మేసింది. పైగా జిగురు పెట్టిన నాణేన్ని మళ్ళీ తియ్యాలంటే పాడవుతుంది. కుట్టైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు.

గుమ్మానికి తోరణం

క్రోషే వచ్చినవాళ్ళు ప్రతి నాణేనికీ సన్నదారంతో చిన్న వలసంచీ అల్లండి. మూతి బిగించి, మధ్యమధ్య పూసలు గుచ్చుతూ ఒక తాడుకి వరసగా కడితే దేవుడి గదికి ముచ్చటైన తోరణం అవుతుంది. చూస్తే కాసులపేరే! చిల్లున్న నాణేలకి అల్లిక కూడా అక్కర్లేదు, రంగుతాడు దూర్చి ముడేస్తే తాళాలగుత్తికి అలంకారం.

కొన్ని జాగ్రత్తలు

* విదేశీ నాణేలు ఎన్నయినా ఇంట్లో ఉంచుకోవచ్చు, మన రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వాటికి పరిమితి లేదు. మన రూపాయి నాణేలని మాత్రం కరిగించడం, పాడుచెయ్యడం 2011 నాటి చట్టం ప్రకారం నేరం. చిల్లులు పొడవకండి.
* పసిపిల్లలున్న ఇంట్లో తోరణమైనా, పటమైనా అందనంత ఎత్తులో కట్టండి. నాణెం మింగితే నోట్లో వేళ్ళు పెట్టి కెలక్కుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.
* మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ళతరబడి దాస్తే నాణేలకి పచ్చటి జిగట పడుతుంది. కాగితం పొట్లం మేలు.
* ఎక్కువ నాణేలుంటే, ఆ దేశం వెళ్ళే బంధువులకి ఇవ్వండి. కొన్ని విమానాల్లో యూనిసెఫ్ వాళ్ళు 1987 నుంచి మిగిలిన చిల్లరని పిల్లల కోసం పోగుచేస్తున్నారు. అందులో వేసినా పుణ్యమే.

అసలు సంగతి

నేను కుడుతూంటే అమ్మాయి ఒక నాణెం తీసి, "ఇదేంటమ్మా, సున్నా ఫిల్సులా?" అని నవ్వింది. వాలుకుర్చీలో పేపరు చూస్తున్న మావారు ఉండబట్టలేక లేచొచ్చారు. అరబ్బీలో అయిదు అంకె మన సున్నాలా ఉంటుందట, సున్నా ఏమో ఉత్త చుక్కట! అలా మొదలై, చాపమీద మా పక్కనే కూర్చున్నారు. ఒక్కో నాణేన్నీ తీసి చూస్తూ, 20 ఫిల్సుల దగ్గర ఆగారు.

"దీనికి ఒక రొట్టె వచ్చేది. పొయ్యిలోంచి తీసిన వేడి రొట్టె. దీని స్కూలు ఫీజు పంపాల్సిన నెలల్లో రాత్రిళ్ళు రెండు రొట్టెలూ, పెరుగూ. అంతే" అన్నారు.

ఫోనులో రోజూ "భోంచేశారా?" అని నేనడిగితే "ఆఁ, బిర్యానీ" అని చెప్పిన మనిషండీ ఆయన! నా చేతిలో సూది ఆగిపోయింది. అమ్మాయి ఏమీ అనలేదు. నాన్న పక్కకి జరిగి కూర్చుంది.

ఆరు సెలవులు, ఆఖరిసారి రావడం ఒకటి, మొత్తం ఏడు ప్రయాణాలకి ఏడు నాణేలు కుట్టాను. ఏది ఏ సెలవుదో ఎవరికి గుర్తు! ఒక్కోదాని కిందా చీటీమీద ఆయన చేతే రాయించాం. 20 ఫిల్సుల కింద "ఒక రొట్టె" అని మాత్రం రాశారు. ఆ పటం ఇప్పుడు హైదరాబాదులో అమ్మాయి గదిలో ఉంది. మిగిలిన 56 నాణేలూ సీసాలోనే ఉన్నాయి. పారెయ్యమని ఆయన మళ్ళీ అనలేదు.

ఈ ఆదివారం మీరూ మీ సీసా ఓసారి బోర్లించండి. ఆ నాణేలు తెచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ మొదలుపెట్టండి. కుట్టు కాస్త వంకరపోయినా ఫరవాలేదు!