అతుకు కనిపించని నేపథ్యం: చిన్న టైలుతో తేలికయ్యే వెబ్ పేజీ

ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లోనూ, డాలీగంజ్ వంటి పరిసర ప్రాంతాల్లోనూ ఇంటర్నెట్ చాలా కాలం ఉపగ్రహంపైనే ఆధారపడింది. చెన్నై నుంచి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక పరిస్థితి మెరుగుపడింది. అయినా కేబుల్ నేరుగా చేరని దీవుల్లో సామర్థ్యం నేటికీ పరిమితమే. విశాఖపట్నం ఓడ వివరాల కోసం ఫోన్ తెరిచిన ప్రయాణికుడికి కావలసింది పేజీ వెంటనే తెరుచుకోవడం. అందాన్ని వదులుకోకుండా ఆ బరువు తగ్గించే మార్గాల్లో ఒకటి అతుకులేని నేపథ్య నమూనా.

దీని సూత్రం సరళం. తెర మొత్తానికి ఒకే పెద్ద చిత్రాన్ని పంపకుండా, చిన్న చదరపు టైలును ఒక్కసారి పంపుతారు. నేలపై టైళ్లు పరచినట్లు బ్రౌజరు దానినే అడ్డంగా, నిలువుగా పేరుస్తుంది. 1920×1080 పిక్సెళ్ల చిత్రంలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. 200×200 టైలులో ఉండేవి 40,000 మాత్రమే. అంటే దాదాపు 52వ వంతు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు ఈ సదుపాయాన్ని తెచ్చింది. 1996 డిసెంబరులో వెలువడిన సీఎస్ఎస్ తొలి ప్రమాణంలోనూ నేపథ్య చిత్రం దానంతట అదే పునరావృతం కావడమే సహజ నియమం.

ఈ విద్య తెలుగువారికి కొత్త కాదు. కృష్ణా జిల్లా పెడనలో మచిలీపట్నం కలంకారీ పనివారు చేసేది ఇదే. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డపై ఒకదాని పక్కన ఒకటిగా వేస్తారు. అచ్చు కుడి అంచున ఆగిన తీగ, పక్క అచ్చు ఎడమ అంచున సరిగ్గా అందుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బారెడు గుడ్డపై అది గీతలా కనిపిస్తుంది. వెబ్ టైలుకూ ఇదే నియమం వర్తిస్తుంది.

అంచులు కలిపేందుకు ఒక సులువైన పద్ధతి ఉంది. ఉచితంగా లభించే గింప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో 200 పిక్సెళ్ల టైలును 100 పిక్సెళ్లు కుడికి, 100 కిందికి జరపాలి. బయటికి పోయిన భాగం ఎదుటి వైపు నుంచి లోపలికి వస్తుంది. దాంతో పాత అంచులు మధ్యలో కూడిక గుర్తులా కలుస్తాయి, కొత్త అంచులు వాటంతట అవే సరిపోతాయి. మధ్యలోని అతుకును సరిదిద్దితే టైలు సిద్ధం. అయితే అంచులు కలిసినా, ఒక మచ్చ మిగతా వాటికంటే ముదురుగా ఉంటే పేజీ అంతటా వరుసగా అదే కనిపిస్తుంది. అందుకే టైలు మొత్తం ఒకే స్థాయి వెలుతురులో ఉండాలి.

నేపథ్యం ఎంత చక్కనిదైనా అక్షరాన్ని మింగకూడదు. తెలుగు లిపికి ఈ జాగ్రత్త మరీ అవసరం. చుక్కల నమూనాపై సున్నా కలిసిపోతుంది. సన్నని గీతలపై గుడి, దీర్ఘం, ఒత్తు తేడా తెలియవు. వెబ్ సౌలభ్య అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం సాధారణ అక్షరానికి, నేపథ్యానికి మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. తెల్లని నేపథ్యమైతే ముదురు అక్షరాల కింద పడే నమూనాలోని అత్యంత ముదురు భాగం వద్ద కూడా ఆ నిష్పత్తి నిలవాలి. సమాచారం ఉన్న చోట సాదా రంగు, దాని చుట్టూ లేత నమూనా ఉంచడం సురక్షితం.

పేజీని విడుదల చేసే ముందు సాధారణ ఫోన్‌లో, ఎండలో నిలబడి చదివి చూడాలి. ఓడ బయలుదేరే వేళ మొదట కంటపడి, నమూనా ఆ తర్వాత కనిపిస్తే నేపథ్యం తన పని సరిగా చేసినట్లే.