పలుచటి గోడ గుండా ఊపిరి

డెంగీ జోరుగా ఉండే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తే బంధువుల చేతిలో ఒక్కోసారి ఐస్ బాక్సు కనిపిస్తుంది. రక్తమంటే చల్లగా ఉంచాలి కదా అని వాళ్ల ఆలోచన. ఎర్రకణాల విషయంలో అది సరైనదే. 2 నుంచి 6 డిగ్రీల చలిలో అవి 35 రోజులు, సరైన ద్రావణం కలిపితే 42 రోజులు ఆగుతాయి. ప్లేట్‌లెట్లకు మాత్రం ఐసు ముక్క తగలకూడదు. వాటిని 20–24 డిగ్రీల మధ్య, రాత్రింబవళ్లు మెల్లగా ఊగే అజిటేటర్ అరల మీద ఉంచుతారు. ఇంత సేవ చేసినా వాటి గడువు అయిదు రోజులే.

చలి పడదని 1969లో స్కాట్ మర్ఫీ, ఫ్రాంక్ గార్డ్‌నర్ అనే అమెరికన్ వైద్యులు తేల్చారు. 4 డిగ్రీల దగ్గర నిలవచేసిన ప్లేట్‌లెట్లు బిళ్లల్లాంటి తమ ఆకారం పోగొట్టుకుని గుండ్రమవుతాయి. రోగికి ఎక్కించాక శరీరం వాటిని త్వరగా ఏరిపారేస్తుంది. గది వేడిమిలో ఉంచినవి రోజుల తరబడి నెత్తుటిలో తిరుగుతాయి. అయితే ఆ వేడిమిలో ఇంకో చిక్కు వచ్చిపడింది. చల్లబరచని కణం మేలుకునే ఉంటుంది. దానికి తిండి కావాలి, గాలి కావాలి. గాలి చొరని సంచిలో వేసి మూతి బిగించేస్తే అది ఎలా బతుకుతుంది?

అంతకుముందు కథ కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు రక్తాన్ని గాజు సీసాల్లో పట్టేవారు. గాజు తగలగానే ప్లేట్‌లెట్లు దాన్ని గాయమనుకుని అంటుకుంటాయి, గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. 1950 ప్రాంతంలో కార్ల్ వాల్టర్, విలియం మర్ఫీ జూనియర్ కలిసి ప్లాస్టిక్ సంచిని రూపొందించారు. (ఈ మర్ఫీ వేరు, పైన చెప్పిన మర్ఫీ వేరు. ఈయన తండ్రి 1934లో వైద్యంలో నోబెల్ పంచుకున్నవారు.) పగలదు, మడత పడుతుంది, పైగా ఒకే గొట్టంతో నాలుగు సంచులు కలిపి, లోపలికి సూక్ష్మజీవి చొరబడకుండా రక్తాన్ని విడగొట్టవచ్చు. ఇవాళ ఒక్కరి రక్తం ముగ్గురికి పనికొస్తోందంటే ఆ గొట్టమే కారణం.

ఆ సంచి పీవీసీతో చేసింది. పీవీసీ స్వతహాగా నీళ్ల పైపులా గట్టిది. దాన్ని మెత్తబరచడానికి డీఈహెచ్‌పీ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది ప్లాస్టిక్‌కు గట్టిగా అతుక్కుని ఉండదు, కొంచెం కొంచెంగా రక్తంలోకి జారుతుంది. వినడానికి కల్తీలా ఉన్నా, ఎర్రకణాల పొరలో చేరి అవి పగిలిపోకుండా కాపాడేది కూడా ఇదే! దాని ఆరోగ్య ప్రభావాల మీద భయాలున్నా రక్తపు సంచుల నుంచి తొలగించడం ఇంత కష్టమవుతున్నది అందుకే.

ప్లేట్‌లెట్ల దగ్గరికొచ్చేసరికి ఇదే సంచి శత్రువైంది. దాని గోడ గుండా ఆక్సిజన్ చాలినంత లోపలికి రాదు. గాలి అందనప్పుడు ప్లేట్‌లెట్ చక్కెరను అరకొరగా మండించి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. ప్లాస్మాలోని బైకార్బొనేట్ కొంతకాలం ఆమ్లాన్ని విరుస్తుంది. అది అయిపోయాక పీహెచ్ జారిపోతుంది. 6.2 కంటే దిగితే కణాలు ఉబ్బి, ఎక్కించినా నిలవని స్థితికి వస్తాయి. లోపం కణంలో లేదు, సంచి గోడలో ఉందని మర్ఫీ, గార్డ్‌నరే 1975లో చూపించారు.

ఆ తర్వాత తయారీదారులు దారి మార్చారు. మెత్తబరిచే పదార్థం అక్కర్లేని పాలీఓలిఫిన్ సంచులు, డీఈహెచ్‌పీకి బదులు వేరే పదార్థాలు కలిపిన పీవీసీ సంచులు 1980ల మొదట్లో వచ్చాయి. గోడ పలుచన, సంచి వైశాల్యం ఎక్కువ. గడువు మూడు రోజుల నుంచి అయిదుకు పెరిగింది. 1984లో అమెరికా ఏడు రోజులకు అనుమతించింది కూడా. కానీ కణాలకు హాయిగా ఉన్న 22 డిగ్రీలు బ్యాక్టీరియాకూ హాయే. దాత చర్మం మీది క్రిమి ఒక్కటి సూదితోపాటు లోపలికి వెళ్లినా వారంలో మంద అవుతుంది. 1986లో మళ్లీ అయిదుకు తగ్గించారు. ఇక్కడ ఓడింది సంచి కాదు. మంచి సంచి కణాల ఆయువును పెంచింది, దాంతో క్రిములకూ వ్యవధి దొరికింది.

గోడే ఊపిరి కాబట్టి బ్లడ్ బ్యాంకులో కొన్ని చాదస్తాలు తప్పవు. సంచుల మీద సంచులు పేర్చరు. మీద పెద్ద పెద్ద లేబుళ్లు అంటించరు. ఊపడం కూడా వాయువులు గోడదాకా చేరి మారడానికే. ఆరోగ్యం కనిపెట్టే పాత పద్ధతి ఒకటుంది: సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పితే, బిళ్ల ఆకారం నిలిచిన ప్లేట్‌లెట్లు పట్టుచీర మడతలా తళుక్కుమంటూ సుడి తిరుగుతాయి. గుండ్రబడ్డవి పొగమంచులా మందకొడిగా ఉంటాయి. యంత్రం అక్కర్లేని ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు వింతగా చలి మళ్లీ తిరిగొస్తోంది. చల్లని ప్లేట్‌లెట్లు నెత్తుటిలో ఎక్కువసేపు ఉండవు గానీ, ఉన్నంతసేపు గాయాన్ని గట్టిగా మూస్తాయి. ప్రమాదంలోనో శస్త్రచికిత్సలోనో రక్తం ధారకట్టినవారికి కావలసింది అదే. సాధారణ ప్లేట్‌లెట్లు దొరకనప్పుడు, రక్తస్రావం ఆపడానికి 14 రోజుల వరకూ చలిలో ఉంచినవి వాడవచ్చని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది. చలిలో కణానికి ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది కనుక అజిటేటర్ లేకున్నా పని జరుగుతుంది. రక్తక్యాన్సర్ చికిత్సలో సంఖ్య పడిపోయి రోజుల తరబడి కాపాడుకోవలసిన రోగికి మాత్రం గది వేడిమిలో, గాలి ఆడే సంచిలో ఊగుతూ ఉన్నవే కావాలి.