పిల్లల ఉబ్బసము: ఆసుపత్రిలో జరుగవలసిన చికిత్స



ఉబ్బసము గల బిడ్డకు అర్ధరాత్రమున ఆయాసము హెచ్చినపుడు, తెల్లవారువరకు వేచియుండవలెనా, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెనా అను నిర్ణయము తఱచుగా ఇంటి పెద్దలదే. కావున ఈ విషయమును తమకు విన్నవించుచున్నాను.

ఉబ్బసము పైకొన్నపుడు శ్వాసనాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనును; లోపలి పొర వాచును; జిగట కఫము దారిని మూయును. బిగువును సడలించుటకు సాల్బ్యుటమాల్ అను మందును స్పేసర్ అను గొట్టము ద్వారా పీల్పింతురు. అవసరమైనచో మొదటి గంటలో ఇరువది నిమిషముల కొకమారు ఇత్తురు. వాపును తగ్గించుటకు ప్రెడ్నిసొలోన్ ఇత్తురు. ఇది పనిచేయుటకు కొన్ని గంటలు పట్టును గనుక, తీవ్రమైన ఆయాసమున మొదటి గంటలోనే ఇయ్యవలెను. రక్తమున ప్రాణవాయువు తగ్గినచో, అది నూటికి 94 పాళ్లకు తక్కువ కాకుండునట్లు అందింతురు.

1993లో ఏర్పడిన గినా అను అంతర్జాతీయ సంస్థ ఇట్టి క్రమమును గ్రంథరూపమున ప్రకటించి, ఏటేట సవరించుచున్నది. ఏమి చేయరాదో తెలుపుటయు అందు ముఖ్యమే. న్యుమోనియా లక్షణములు లేనిదే యాంటీబయాటిక్ మందులు వలదు. మత్తుమందు శ్వాసను మందగింపజేయును గనుక కూడదు. ఆయాసము మితముగా నున్నపుడు స్పేసర్ నెబ్యులైజరు యంత్రమునకు తీసిపోదు. వైద్యుడు సూదిమందు వేయలేదని, ఎక్సురే తీయలేదని కినుక వహింపరాదు.

బ్రిటనులో పెద్దలును పిల్లలును కలిసి ఉబ్బసముచే మరణించిన 195 మందిని గూర్చిన విచారణ 2014లో వెలువడినది. వారిలో 87 మంది వైద్యసహాయము కోరకయో, అది అందకమునుపో ప్రాణములు విడిచిరి. మంచి ఆసుపత్రులున్న దేశముననే ఇట్లుండగా, దూరపు గ్రామములలో ఆలస్యమెంత ప్రమాదమో యోచింపుడు.

బిడ్డ మాట పూర్తిచేయలేకున్నను, డొక్కలు లోనికి లాగుకొనుచున్నను, పెదవులు నీలివారినను క్షణమైనను జాగు వలదు. పిల్లికూతలు ఆగి బిడ్డ సోలిపోయినచో నెమ్మదించెనని భ్రమపడకుడు; గాలి లోనికి పోవుటయే కష్టమైనదని అర్థము.

ఆయాసము తగ్గి ఇంటికి పంపునపుడు మూడు సంగతులు అడుగుడు: ప్రతిదినము పీల్చవలసిన నివారక ఔషధమేది? స్పేసర్ వాడు పద్ధతి యెట్లు? మరల ఎప్పుడు చూపింపవలెను? పిల్లలను ఒకటి రెండు దినములలోనే మరల చూపుట మేలు. సమాధానములను కాగితముపై వ్రాయించుకొని ఇంట భద్రపరుపుడు. మరియొక అర్ధరాత్రమున ఆ కాగితమే బిడ్డను కాపాడవచ్చును.